మూగనీళ్ళు

పొద్దుగూకాక మా ఊళ్ళో పిలుపుల బావి దగ్గరికి ఎవరూ వెళ్ళరు. మిట్టమధ్యాహ్నం వెళ్ళినా వెనక్కి చూసుకుంటూనే వెళతారు.

కళ్ళం దాటి, అక్రోట్ చెట్ల మధ్య నుంచి కిందికి దిగితే ఉంటుంది. రాతిగట్టు ఒక పక్క విరిగిపోయింది. నీళ్ళు మాత్రం ఏనాడూ ఎండలేదు. అయినా మేకలు అక్కడ మూతి పెట్టవు... మేక దేన్ని వదులుతుంది చెప్పండి? అది కూడా వదిలేసిందంటే ఆలోచించుకోండి.

ఆ బావి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుందంటారు. గట్టిగా కాదు — పక్కన కూర్చుని పిలిచినట్టు. పలికావా, అయిపోయావు. పలక్కుండా నడిచి వెళ్ళిపోయావా, బతికావు. మా కరిదోని ఊళ్ళో పిల్లలకి ప్రార్థన కంటే ముందు ఇది నేర్పేవాళ్ళు. లాంబ్రోస్ ఫాదర్ దెయ్యాలు లేవని ప్రతి ఆదివారం చెబుతాడు. పక్కూరికి మాత్రం కొండ చుట్టూ తిరిగి వెళతాడు. ఎందుకు ఫాదర్ అంటే, మోకాళ్ళకి నడక మంచిదమ్మా అంటాడు.

నేను కాఫీ కొట్టు నడుపుతాను. రోజంతా మగాళ్ళు పేకాడుతూ చెప్పే కోతలు వింటాను. ఏ మాట నిజమో, ఏది పొంగించిందో వాసన బట్టి చెప్పగలను. ఈ కథ నాకు అసిమీనా పిన్ని చెప్పింది. పిన్నికి కోతలు కొయ్యడం రాదు. వచ్చి ఉంటే బాగుండేది.

పిన్నికి అప్పుడు పదహారేళ్ళు. ముగ్గురు స్నేహితురాళ్ళు — అసిమీనా, గరిఫాలియా, జంబేతా. ముగ్గురూ ఒకే బెంచీ, ఒకే దువ్వెన, తిట్లు పడితే ముగ్గురికీ కలిపే.

గరిఫాలియాకి ఏథెన్స్ వెళ్ళి, బాల్కనీ ఉన్న ఇంట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చోవాలని కోరిక. మా పిన్నికి పంతులమ్మ కావాలని. జంబేతాకి ఏమీ అక్కర్లేదు... ఆమెకి గొంతు ఉంది. ఆమె కళ్ళం దగ్గర పాట ఎత్తుకుంటే పై కొండలో గొర్రెలు కాసేవాళ్ళు చేతిలో రొట్టె పట్టుకుని తినడం మరిచిపోయేవారట. ఆ గొంతు గురించి ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చెప్పి, తల ఆడించి, ఊరుకుంటారు. ఎలా ఉండేదని అడిగితే ఒక్కళ్ళకీ చెప్పడం చేతకాదు.

మా దగ్గర యోహాను పండగకి ఒక ఆచారం ఉంది. ఉంది అంటున్నాను గానీ, ఉండేది.

పండగ ముందురోజు సాయంత్రం పెళ్ళికాని పిల్లలు ఊరి బావి నుంచి నీళ్ళు తేవాలి. బావికి బయల్దేరినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. వాటినే మూగనీళ్ళు అంటారు. కుండలో పోసి, తలా ఒక ఉంగరమో చెవిపోగో అందులో వేసి, ఎర్రగుడ్డ కట్టి, రాత్రంతా చుక్కల కింద ఉంచుతారు. మర్నాడు కుండ విప్పి, వస్తువులు ఒక్కొక్కటే తీస్తూ పాటలు పాడతారు. నీ వస్తువు పైకి వచ్చినప్పుడు ఏ పాట పడితే అదే నీ రాత.

దారిలో ఎవరైనా నోరు జారారా — నీళ్ళు చెడ్డాయి. అక్కడికక్కడే పారబొయ్యాలి. ఆ ఏడాదికి ఇక రాతా లేదు, గీతా లేదు.

మగపిల్లలు ఊరుకుంటారా మరి? సందుకొకడు మాటు వేసి కూర్చునేవాడు. ఎలాగైనా ఆడపిల్లల చేత ఒక్క మాట అనిపించాలి. అదే వాళ్ళ పండగ.

అంతకుముందు ఏడాది థ్రాసోస్ అనేవాడు ఏం చేశాడంటే... వాళ్ళ నాయనమ్మ నల్లపావడా కట్టుకుని, నల్లగుడ్డ నెత్తిన ముఖం మీదికి లాక్కుని, కర్ర ఊపుకుంటూ ఎదురొచ్చాడు. "గొంతెండిపోతోందే తల్లీ... గుక్కెడు నీళ్ళు పొయ్యవే" అని వణికే గొంతుతో అడిగాడు. మా పిన్నీ గరిఫాలియా పెదాలు బిగబట్టారు. జంబేతా వల్ల కాలేదు.

"ఒరే గాడిదా! మీసం గీసుకుని రావద్దట్రా?"

అంతే. మూగనీళ్ళు మట్టిపాలు. ఏడాది పొడుగునా ఊళ్ళో ఆడపిల్లలంతా వాళ్ళని దెప్పారు. వీళ్ళ పెదాల మీద నువ్వుగింజ ఆగదే, రహస్యం ఏం ఆగుతుంది అని.

అందుకని ఈసారి పండగకి వారం ముందే గరిఫాలియా వాళ్ళ గడ్డివాములో ముగ్గురూ తలకాయలు కలిపారు.

"పిలుపుల బావికి పోదాం" అంది జంబేతా.

"నీకేమైనా పట్టిందా?"

"ఏం? అక్కడికి ఒక్క మగపురుగు కూడా రాదు. థ్రాసోస్‌గాడికి ఆ పేరు చెబితే చాలు, నిక్కరు తడుస్తుంది."

"మరి అది పిలిస్తేనో?" అంది గరిఫాలియా, గొంతు తగ్గించి.

"పిలిస్తే పలక్కూడదు, అంతేగా? మనం ఎలాగూ మాట్లాడకూడదు కదే మొద్దూ! దెయ్యం పిలిచినా అంతే, థ్రాసోస్ పిలిచినా అంతే."

మా పిన్ని మాత్రం జంబేతా వైపు వేలు చూపించింది. "మాకు భయం లేదే. నీ నోటికే తాళం లేదు."

"అయితే నువ్వు నా పక్కనే నడువు. నోరు తెరిచానంటే చెయ్యి అడ్డం పెట్టెయ్. కొరికినా తియ్యకు."

అలా ఒప్పందం అయింది.

ఆ సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి దిగీ దిగగానే బయల్దేరారు. ఊళ్ళో అప్పటికే పండగ మంటలు వేస్తున్నారు, పిల్లలు వాటి మీంచి దూకుతూ కేకలు పెడుతున్నారు. కళ్ళం దాటాక ఆ కేకలు సన్నబడ్డాయి... అక్రోట్ చెట్ల కిందికి వచ్చేసరికి అవీ లేవు.

జంబేతా చేద దించింది. నీళ్ళు తోడారు. కుండ నిండింది. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కళ్ళతో నవ్వుకున్నారు — గెలిచామే! అని.

అప్పుడు చూశారు.

గట్టుకి అవతలి వైపు ఒక మనిషి కూర్చుని ఉంది. నల్లపావడా. ముఖం మీదికి లాక్కున్న నల్లగుడ్డ. ఎప్పుడొచ్చిందో తెలియదు. అడుగుల చప్పుడు లేదు. చేత్తో గట్టు రాయిని తడుముతోంది, ఏదో పోగొట్టుకున్నదాన్ని వెతికినట్టు.

మా పిన్ని ఒకడుగు వెనక్కి వేసింది. పక్కనే జంబేతా భుజాలు ఊగుతున్నాయి. భయంతో కాదు... నవ్వుతో. మోచేత్తో పొడిచి, పెదాలు మాత్రం కదిపి చూపించింది — థ్రాసోస్!

అవును మరి. అదే పావడా, అదే గుడ్డ. ఒక ఏడాది పారిన పాచికే మళ్ళీ వేశాడు వెధవ. ముగ్గురికీ ప్రాణం కుదుటపడింది.

"వచ్చారా..." అంది ఆ మనిషి. గుసగుసలా. "గరిఫాలియా..."

ముగ్గురూ పెదాలు బిగించారు.

"బాల్కనీ అడిగావు కదూ? దొరుకుతుందిలే. ఒకటి కాదు, వీధులకి వీధులు... అన్నీ నువ్వు ఊడ్చేవే. అన్నీ పరాయివాళ్ళవే."

గరిఫాలియా ముఖం ముడుచుకుంది. బాల్కనీ సంగతి వీడికి ఎవరు చెప్పారు అనుకుంది.

"అసిమీనా... నువ్వు పంతులమ్మవి కావు. పెళ్ళి కూడా చేసుకోవు. ఒక పిల్లని పెంచుతావు, నీ కడుపున పుట్టని పిల్లని. మహా నోటి దురుసుది. నిన్ను నానా మాటలూ అంటుంది. అయినా పెంచుతావు."

మా పిన్నికి నవ్వు రాలేదట. ఆ గొంతులో వేళాకోళం లేదు. థ్రాసోస్‌కి ఇంత బాగా నటించడం ఎప్పుడొచ్చింది అనిపించింది.

ఆ మనిషి జంబేతా వైపు తిరిగింది. తిరిగి... అలా చూస్తూ ఉండిపోయింది.

"థ్రాసోస్‌ని చేసుకోకు" అంది చివరికి.

ఇక చూడాలి! జంబేతా పొట్ట పట్టుకుని వంగిపోయింది. గరిఫాలియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వీడి పేరు వీడే ఎత్తుకుంటున్నాడే, ఎంత పన్నాగం!

"మంచివాడే. కాదని ఎవరన్నారు? ఇల్లే కొండ మీద. మంచు పడితే దారి ఉండదు. నీకు నొప్పులొచ్చిన రాత్రి..." అని ఆగింది. "ఒక్క మాట అను. చాలు. తిట్టు నన్ను. పోయినేడు అన్నావే గాడిదా అని... ఆ మాటే అను. ఈ నీళ్ళు చెడిపోతాయి. నీ రాత కూడా వీటితోనే చెడిపోతుంది. పారబోసి ఇంటికి వెళ్ళిపో."

పోయినేటి గాడిద సంగతి కూడా ఎత్తేసరికి ఇంకేం అనుమానం? థ్రాసోసే!

కుండ ఎత్తుకున్నారు. ముగ్గురూ మలుపు తిరగబోయారు. అప్పుడు ఆ మనిషి లేచి నిలబడింది.

"పోనీ ఏదీ చెడగొట్టద్దు. నీ గొంతు వినిపించు. ఒక్కసారి... పుట్టినప్పటి నుంచీ వినలేదు నేను."

జంబేతా ఆగింది.

అదేం మాట? పుట్టినప్పటి నుంచీ వినలేదా? ఊళ్ళో వినని చెవి ఏది? ఆమె ముఖంలో నవ్వు పోయింది. వెనక్కి తిరిగి, ఆ నల్లగుడ్డ కింద ఏముందా అని మెడ వంచి చూసింది. పెదాలు విడ్డాయి... ఏదో అడగబోయింది.

మా పిన్ని చెయ్యి చటుక్కున వచ్చి ఆ నోటికి అడ్డం పడింది.

ఒప్పందం ఒప్పందమే కదా! అలాగే నోరు మూసి పట్టుకుని, చెట్ల కింది నుంచి లాక్కుపోయింది. వెనక నుంచి పిలుపు లేదు. ఏడుపు మాత్రం కొంతదూరం వినిపించింది.

మర్నాడు కుండ విప్పారు. ఊరంతా చేరింది. జంబేతా చెవిపోగు పైకి వచ్చినప్పుడు ఒక ముసలామె ఎత్తుకున్న పాట ఇది —

*తెల్లదుప్పటి కప్పుకుని కొండమీది చిన్నది*
*తెల్లవారినా లేవదు, ఎవరు లేపాలి?*

ఓహో, పెళ్ళి పడక! అని ఆడవాళ్ళంతా ముసిముసిగా నవ్వారు. జంబేతా సిగ్గుపడింది.

ఆ సాయంత్రమే ఆమె థ్రాసోస్‌ని నీళ్ళకుళాయి దగ్గర నిలబెట్టేసింది. "ఏరా, ఏడుపు కూడా నేర్చుకున్నావే! ఎక్కడరా, నాటకాల కంపెనీలో చేరావా?"

"ఏ ఏడుపు?"

"పిలుపుల బావి దగ్గర. థ్రాసోస్‌ని చేసుకోకూ... అని."

వాడు తెల్లబోయాడు. "నేను రాత్రంతా పైన నాన్నతో జున్ను కాస్తున్నా. మా అమ్మ మీద ఒట్టు. ఆ బావికి నేనెందుకొస్తానే, నాకు పిచ్చా?" అని, కాస్త ఆగి, చెవులు ఎర్రబడగా అడిగాడు. "నన్ను చేసుకోవద్దని... నీతో ఎవరన్నా అన్నారా?"

అదిగో, అక్కడ మొదలైంది. అంతవరకూ వాణ్ణి ఆ కంటితో చూడని పిల్ల చూడటం మొదలుపెట్టింది. వద్దన్నదే కదా ముద్దు! మూడేళ్ళకి పెళ్ళయింది. కాపురం పైన, గొర్రెల దొడ్డి పక్క ఇంట్లో.

తర్వాతి సంగతి మా ఊళ్ళో చెట్టునడిగినా చెబుతుంది. నెలలు నిండాక మంచు విరగబడి కురిసింది. నొప్పులు రాత్రి మొదలయ్యాయి. జున్ను వేసుకెళ్ళే లారీలో ఆమెని పడుకోబెట్టి కిందికి దించబోయారు. రెండో మలుపు దగ్గర దారి లేదు, తెల్లగోడ ఉంది. మగాళ్ళు పారలతో తవ్వుతూనే ఉన్నారు. బిడ్డ లారీలోనే పుట్టింది. తెల్లవారేసరికి బిడ్డ ఏడుస్తోంది. తల్లి దుప్పటి కింద ఉంది, లేవలేదు.

గరిఫాలియా ఏథెన్స్ వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పరాయివాళ్ళ మెట్లూ బాల్కనీలూ కడుగుతూ నడుం వంగిపోయింది.

అసిమీనా పిన్ని చదువు మానేసింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయిన ఆ పసిగుడ్డుని ఎత్తుకొచ్చి మేకపాలు పట్టి పెంచింది. పోయిన తల్లి పేరే ఆ పిల్లకి పెట్టారు.

నా పేరు జంబేతా.

ఇదంతా పిన్ని నాకు మొన్న చలికాలం దాకా చెప్పలేదు. కాళ్ళు పడిపోయి మంచం పట్టాక, ఒక రాత్రి నేను సూప్ తాగిస్తుంటే చెంచా పక్కకి తోసి మొదలుపెట్టింది.

"ఆ నల్లగుడ్డ మనిషిని నేనేనే. పెద్దయ్యాక నాకు అర్థమైంది. ఇంకెవరికి తెలుసు ఇవన్నీ? మా ముగ్గురి రాతా చూసినదాన్ని నేనేగా! అందుకని ఏటా వెళ్ళా. యోహాను పండగ ముందురోజు, పొద్దుగూకేవేళ. ఆ గట్టు మీద కూర్చున్నా. వాళ్ళు వస్తారు, ఈసారి ఆ చెయ్యి తియ్యమని నాకు నేనే చెప్పుకుంటా అని..."

"వచ్చారా?"

"ఒక్క ఏడూ రాలేదే. ఆ గట్టు మీదే ముసలిదాన్నయిపోయా."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో అప్పుడే చెప్పాను కూడా. నా నోరు అలాంటిది.

"అంటే పిన్నీ... ఆవిడ ఆ రాత్రి నోరు విప్పితే మా నాన్నని చేసుకునేది కాదు. చేసుకోకపోతే నేను లేను. ఏటా నన్ను లేకుండా చెయ్యడానికే బయల్దేరావన్నమాట. పొద్దున నాకు రొట్టె చేసి పెట్టి, సాయంత్రం ఆ పనికి!"

పిన్ని గోడ వైపు తిరిగింది. అటే చూస్తూ అంది. "వెళ్ళే ప్రతిసారీ నీ ముఖం గుర్తొచ్చి కళ్ళం దగ్గర ఆగిపోయేదాన్నే. అయినా వెళ్ళా. అది నా జంబేతా."

"మరి నేనెవర్ని?"

ఆమె చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. నాకూ కోపం నిలవలేదు. పక్కన కూర్చుని దుప్పటి సర్దాను.

"ఒక్కటే అర్థం కాదు నాకు" అంది, నిద్రలోకి జారుతూ. "పుట్టినప్పటి నుంచీ వినలేదు అంది ఆ మనిషి. నేనలా ఎందుకంటాను? అది పాడగా రోజూ వింటూనే పెరిగాను కదా..."

నేనూ పట్టించుకోలేదు. ముసలి బుర్ర అనుకున్నాను.

చెర్రీలు కోతకొచ్చే రోజుల్లో పిన్ని పోయింది. మా ఆచారం ప్రకారం నలుపు కట్టాను. నాకంటూ నల్లబట్టలు లేవు, పిన్నివే కట్టుకున్నాను — పావడా, గుడ్డ. గుడ్డకి ఇంకా ఆమె సబ్బు వాసన ఉంది.

యోహాను పండగ వచ్చింది. పండగంటే ఏముంది? ఊళ్ళో మిగిలింది గుప్పెడు ముసలివాళ్ళం. బడి తలుపుకి తాళం పడి ఎన్నేళ్ళయిందో. మూగనీళ్ళు తేవడానికి ఆడపిల్ల లేదు, మాట్లాడించడానికి మగపిల్లాడూ లేడు. పొద్దుగూకుతుంటే కొట్టు మూసేశాను. నా కాళ్ళు కళ్ళం వైపు నడిచాయి.

దేనికంటే ఏం చెప్పను? ఏటా ఆమె కూర్చునేది. ఈ ఏడు ఆ గట్టు ఖాళీగా ఉంటుందనుకుంటే నాకు బాగోలేదు. దెయ్యాల మీద నమ్మకంతో మాత్రం వెళ్ళలేదు.

గట్టు మీద కూర్చున్నాను. అక్రోట్ ఆకులు కదలడం లేదు. చాలాసేపటికి నా చెయ్యి పక్కనున్న రాయి మీద పడింది.

నున్నగా ఉంది.

నేను కూర్చున్నది విరిగిన వైపు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన విరుపు అది... తడుముతున్నాను. ఇటు తడిమాను. అటు తడిమాను. గట్టు ఎక్కడా విరగలేదు.

తల ఎత్తాను. ఊరి వైపు నుంచి పొగవాసన వస్తోంది. పిల్లల కేకలు — బోలెడంతమంది పిల్లలు.

ఎదురుగా ముగ్గురు ఆడపిల్లలు. కుండ నిండుగా ఉంది. పెదాలు బిగించి నన్నే చూస్తున్నారు. అందులో ఒకత్తి భుజాలు ఊగుతున్నాయి.

మా అమ్మ ఫోటో ఒక్కటే ఉంది మా ఇంట్లో, పెళ్ళినాటిది. అందులో బిగుసుకుని నిలబడి ఉంటుంది. ఆమె నవ్వితే ముక్కు ముడతలు పడుతుందని నాకు తెలియదు. కొట్టు గల్లాపెట్టె వెనక అద్దంలో రోజూ చూసే ముడతే అది.

"వచ్చారా..." అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఏం చెప్పాలో వెతుక్కోలేదు. పిన్ని చెప్పినవే వచ్చాయి. గరిఫాలియాకి బాల్కనీల సంగతి చెప్పాను. ఆ పక్కన బక్కగా, పెద్దపెద్ద కళ్ళేసుకుని నిలబడ్డ పిల్ల మా పిన్ని. ఆమెకి ఇంత చెప్పాలనుకున్నాను... నీ గురించి మంచిమాట ఒక్కటీ అనలేదే అని, క్షమించు అని. నోటి దురుసు పిల్ల అని మాత్రం అనగలిగాను.

తర్వాత అమ్మ.

థ్రాసోస్‌ని చేసుకోకు అన్నాను. మా నాన్న. ఆమె పోయాక ఆమె పేరు పైకి అనలేక నన్ను జీవితాంతం "పిల్లా" అని పిలిచిన మనిషి. చేసుకోకు అన్నాను. ఆ మాటకి ఒక్క జవాబు వస్తే నేనుండనని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఒక్క మాట చాలు, తిట్టు, గాడిదా అను అని బతిమాలాను. లారీ కంటే, ఆ మలుపు కంటే, నేను లేకపోవడం ఏం పెద్ద సంగతి?

వాళ్ళు నవ్వుతున్నారు. మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, చప్పుడు లేకుండా.

కుండ ఎత్తుకున్నారు. వెనక్కి తిరిగారు. వెళ్ళిపోతోంది... అప్పుడు ఇక నాకు ఆమె బతుకూ గుర్తులేదు, నా బతుకూ గుర్తులేదు. లేచి నిలబడ్డాను. యాభై దాటినదాన్ని, చంటిపిల్లలా అడిగాను.

"నీ గొంతు వినిపించు. ఒక్కసారి... పుట్టినప్పటి నుంచీ వినలేదు నేను."

అమ్మ ఆగింది.

వెనక్కి తిరిగింది. నవ్వు పోయింది. మెడ వంచి నల్లగుడ్డ కిందికి చూసింది. నన్ను చూసింది. పెదాలు విడ్డాయి. ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు కూడా విన్నాను.

అంతలో చెయ్యి వచ్చి అడ్డం పడింది.

సన్నటి, ఎండకి నల్లబడ్డ చెయ్యి. దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నాకు రొట్టె తుంచి నోట్లో పెట్టిన చెయ్యి అది. జ్వరమొస్తే నుదుటి మీద ఉండేది. దాన్ని తియ్యమని అరవాలి... అరవడానికి నోరు తెరిచాను. మాట రాలేదు, ఏడుపే వచ్చింది.

చెట్ల కిందికి వెళ్ళిపోయారు. కుండ తొణకలేదు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.